పన్నెండో నంబరు

కుతాయిసిలో, వంతెన కింది షెడ్డులో
మూడు రోజులుగా ఒక్క నట్టు.
ఆరు మూలలూ అరిగి
చీకిన పటికబెల్లం ముక్కలా నున్నగా.

పానా వేస్తే జారుతుంది.
ముర్తాజ్ కణుపులు చిట్లి
రక్తమూ గ్రీజూ ఒకే రంగు.
"ఏ గాడిద పట్టిందిది?"

బానెట్ లోపల ఎర్ర పెయింటుతో
పోయిన అక్టోబరు తేదీ.
దస్తూరీ తనదే.
పన్నెండుకి పదమూడు తొడిగిన తొందరా తనదే.

ఇక తిట్టలేదు.
ఎర్రబడేదాకా మంట పెట్టి
అక్క దరేజాన్ చర్చి నుంచి తెచ్చిన
కొవ్వొత్తి ముక్క తాకించాడు.
మైనం మరచుట్లలోకి ఇంకింది.
షెడ్డంతా తేనె వాసన.

పదకొండో సాకెట్టు సుత్తితో దిగ్గొట్టి
ఎడమకి, మెల్లగా, ఊపిరి బిగబట్టి...

కిర్రుమంది.

అంత చిన్న చప్పుడుకి
బయట వానలో నిలబడ్డ టాక్సీ ముసలాయన
టోపీ తీశాడు.