పాసు

పొద్దుగాల అయిదున్నరకు డిపోల సంతకం వెట్టి
టికెట్ మిషిన్ భుజానికి తలిగేసుకున్నంక
రాత్రి దాక నా చెవుల పడే మాట అదొక్కటే.
పాసు.

కాలేజీ పోరగాండ్లు ఫుట్‌బోర్డు మీద నిలవడి
పాస్ పాస్ అని ఒర్రుతరు.
సూపెట్టుమంటే జేబుల చెయ్యి వెట్టరు,
మొఖమే పాసు అన్నట్టు నవ్వుతరు.
సూడకుండనే వదిలేసిన రోజులున్నయి,
నవ్వు మీద గడువు తారీఖు ఉండది గద.

గూడెప్పాడ్ క్రాస్ కాడ ఓదెలు ఎక్కుతడు.
ధోతి మడతల కవరు, కవర్ల ఇంకో కవరు,
అండ్ల పట్టాదారు పాసుబుక్కు.
ఎకరం ఇరవై గుంటల్ల ఎనిమిది గుంటలు
కంప్యూటర్ల కనవడ్తలేవట.
మూడేండ్ల సంది పరకాలకు తిరుగుతాండు.
టికెట్ అడిగితే గదెందుకు తీస్తవు తాతా అన్న ఒకనాడు.
"గీ పాసు మీద నా పొలమే నన్ను రానిస్తలేదు బిడ్డా,
నీ బస్సేడ రానిస్తది" అని
సరిగ్గ చిల్లర లెక్కవెట్టి నా చేతుల పోసిండు.

బస్టాండుల పల్లీల పిల్లగాడు
కిటికీ కిటికీకి ఎగిరి టైంపాస్, టైంపాస్ అంటాండు.
నువ్వు ఒర్రకున్నా అది పాసైతనే ఉన్నది తమ్మీ.
సరే, ఒక పొట్లం ఇయ్యి.

తిరుగు ట్రిప్పుల తుమ్మచెట్ల కాడ
డ్రైవర్ కొమ్మాలన్న బండి పక్కకు వెట్టి
"పాస్ పోసొస్త, ఒక్క నిమిషం" అని దిగుతడు.
ఆయన ఎనుక నలుగురు దిగుతరు.
రోడ్డు పొడుగూత వాళ్లదే.
నేను సీట్ల కూసోని మిషిన్ల లెక్క సూస్తున్నట్టు చేస్త.
పొద్దటి సంది నీళ్ల సీసా మూత ఇప్పలే.
గా మాట వాళ్ల నోట్లె ఎంత అల్కగ ఉన్నదో
నా కడుపుల అంత బరువు.

నేను సుత పాసే.
పది, రెండో మాటు, లెక్కల్ల ముప్పయ్యారు.
గా ముప్పయ్యారు ఎప్పుడు అక్కరకొచ్చిందంటే
ఎంజీఎం వరండల.
మూడు దినాల కింద చేరిన నైట్‌డ్యూటీ డాక్టరు,
మీసాలు సుత సరిగ్గ రాలే,
తెలుగుల చెప్పనీకి నోరు రాక
ఇంగ్లీషుల ఒక్క ముక్క అని తల వంచుకున్నడు.
అత్త నా కొంగు గుంజింది.
"ఏమన్నడే? పాసు అన్నడు గద?
పాసయిండా నా కొడుకు?"

నాకు సమజైంది.
చెప్పనీకి రాలే.
తలకాయ ఊపిన.

ఎల్లవ్వ రెండు చేతులు గోడకు మొక్కింది.
సంచిల గంజి డబ్బ సదిరింది,
లేస్తే తాగుతడని.
లోకానికి పోయినోడు
ఆమెకు ఇంకో పావుగంట బతికిండు.
గా పావుగంట నేనిచ్చిన్నో, ఎత్తుకున్ననో
ఇప్పటికీ తెలువది.

తెల్లారి ఇంటికి తీస్కపోతాంటే
గేటు కాడ పాసు అడిగిండ్రు.
రాయించుకొచ్చిన.
ఆయన కొలువే నాకొచ్చింది. ఖాకీ అంగీ,
తోలు సంచి, ఆయన పేరున్న ఇనుప పెట్టె.

మొన్న పిల్లగాని రిజల్టు వచ్చింది.
పక్కింటి సువార్తమ్మ గోడ మీదికెల్లి
"పాసా?" అని అడిగింది.
అత్త చేతుల చాట ఆగింది.
లోపటికి పోయి చానసేపు రాలే.
నేను అన్నం వార్చుతాంటే ఎనుక నిలవడి
గొంతు తగ్గించి అడిగింది,
"గట్టెక్కిండానే?"

గట్టెక్కిండత్తా, అన్న.