తోక లేని అంకె

పొందూరు జూనియర్ కాలేజీ, మూడో పీరియడు.
జి విలువ రాయమంటే
ఆరు పాయింట్ ఆరు ఏడు, పది పవర్ మైనస్ పదకొండు
రాసి ఊరుకుంది ఢిల్లీశ్వరి.
అర మార్కు కోశాను.

"అంకె సరే. అవి ఏంటి? గజాలా? గిద్దలా?"
క్లాసు నవ్వింది. తను నవ్వలేదు.
"ఆ తోక ఎందుకు మాస్టారూ?
మీటర్లు మూడుసార్లు పైన,
కిలో కింద, సెకన్లు రెండుసార్లు కింద.
అలాటి వస్తువు ఎక్కడైనా ఉంటాదా?"

నా దగ్గర జవాబుంది.
అటు న్యూటన్లు, ఇటు కిలోలు,
తక్కెడ తూగడానికి వేసిన పాసంగం అని.
చెప్పాను కూడా. సుద్దముక్క అరిగింది కానీ
ఆ పిల్ల కళ్ళల్లో ముల్లు ఊగుతూనే ఉంది.

సాయంత్రం నేతగాళ్ళ వీధిలో
వాళ్ళమ్మ లోలాక్షి, అరుగు మీద,
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది.
సన్నటి పళ్ళకి నలుసులు చిక్కుకుంటున్నాయి,
తెలుపు దాటుకొస్తోంది.
"మా గుంటకి మార్కు కోసీసినారట" అంది తలెత్తకుండా.
తోక సంగతి చెప్పాను.

రాట్నం పక్కనున్న చిలప తీసి నా చేతిలో పెట్టింది.
బరువే తెలీలేదు.
"నూరో నంబరు నూలు, బావూ.
నూరంటే మూరలు కాదు, తులాలు కాదు.
ఇంత బరువులోంచి ఎన్ని చిలపలు లాగగలనో అదీ నూరు.
పొడుగు పైన, బరువు కింద.
అలాటి వస్తువు సంతలో దొరకదు.
నా బొటనేలికీ చూపుడేలికీ మజ్జిన ఉంటాది."

గుమ్మంలోంచి ఢిల్లీశ్వరి:
"గజాలు మానీసి మీటర్లు పెడితేనో?"
"నూరు మారిపోద్ది. నూలు మారదు కదేటే."

రాత్రి నిద్ర పట్టలేదు.
రాజాం కుంచం వేరు, పాలకొండ కుంచం వేరని
మా నాన్న ప్రతి లెక్క పక్కనా ఊరి పేరు రాసేవాడు.
ఇన్నేళ్ళూ అది చాదస్తమనుకున్నాను.
కాంతి వేగానికి తొమ్మిదంకెలు బట్టీ పట్టించాను,
అందులో కాంతిది ఎంతో, మన మీటరుది ఎంతో
ఎప్పుడూ అడగలేదు.

ఒకటుంది,
నూట ముప్పై ఏడుకి కాస్త ఎక్కువ.
పైనున్నవీ కిందున్నవీ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాక
ఒట్టి అంకె మిగులుతుంది, తోక లేకుండా.
ఏ ఊరి కుంచంతో కొలిచినా అంతే.
అది ఎందుకంతో
నాకు తెలీదు. నా పుస్తకాలకీ తెలీదు.

మర్నాడు పేపరు దిద్దుకుని తెచ్చింది.
మీటర్లూ కిలోలూ సెకన్లూ అన్నీ వాటి చోట్లో ఉన్నాయి.
అడుగున పెన్సిలుతో:
"మాస్టారూ, చిలప ఇచ్చేయండి. అమ్మ అడుగుతోంది."

చొక్కా జేబులోనే ఉండిపోయింది.