చెవిలో పేర్లు

జాగరణ జరిగే ఇంట్లో మా తమ్ముడు
తల కాస్త ఎడమకి వంచుతాడు.
అది నాకు సైగ.
వెనకనించి వంగి చెబుతాను:
"పోయినాయన దోమింగ్, పడవలు కట్టేవాడు.
భార్య ఇసియాంగ్. చిన్నవాడికి ఉబ్బసం."
వాడు రెండు చేతులూ పట్టుకుని
"ఇసియాంగ్ అత్తా" అంటాడు.
ఆవిడ బావురుమంటుంది.
గుమ్మంలో పేకాడేవాళ్ళు కూడా ముక్కలు దించేస్తారు.

సమర్ దీవిలో మా ఊరికి
నాన్న తొమ్మిదేళ్ళు మేయరు.
నాలుగోసారికి చట్టం ఒప్పదు,
కుర్చీ గడప దాటడానికి అమ్మ ఒప్పదు.
ఒక రాత్రి అన్నాల దగ్గర
చేప తల తీసి సేతోయ్ కంచంలో వేసింది.
అంతే, ప్రకటన అయిపోయింది.
నేను పులుసు పోసుకున్నాను.

తుపాను బియ్యం లెక్కలు నావి,
శవపెట్టెల దుకాణంలో అప్పు నా సంతకం,
ఏ పేటలో ఏ అన్నదమ్ములకి పడదో
ఆ చిట్టా అంతా నా తలకాయలో.
వాడు మనీలాలో మూడు కాలేజీలు మారాడు.
"వాడు నవ్వితే జనం నవ్వుతారే" అన్నాడు నాన్న.
నేను నవ్వితే ఏమవుతుందో
ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

ఒక కంట వెన్న, ఒక కంట సున్నం అంటారు.
నా వంతుకి సున్నం కూడా రాలేదు,
గంజి వచ్చింది,
పోస్టర్లంటించే గంజి, మోచేతుల దాకా.
నన్ను కత్తిరించేసిన ఇంటిల్లిపాది ఫోటోని
బడి గోడకి నేనే అంటించాను.
వాడి భుజం మీద నా నాలుగు వేళ్ళు మిగిలిపోయాయి.
ప్రెస్సువాడు చూసుకోలేదు.

నిన్న రాత్రి ఇంకో జాగరణ.
వంగాను.
నాలుక చివర తప్పు పేరు సిద్ధంగా ఉంది:
బతికున్నవాడిది, ఎదుటి పక్షం వాడిది.
ఒక్క మాట చాలు.
అప్పుడు కనబడింది
వాడి చెవి వెనక మచ్చ.
ఎనిమిదేళ్ళప్పుడు నేను విసిరిన ఆల్చిప్ప.
ఆ పూటంతా అమ్మ నన్ను
పెసల మీద మోకాళ్ళేయించింది.
చీకటి పడ్డాక వాడే అరటిపండు దాచి తెచ్చి
"నొప్పి లేదక్కా" అన్నాడు,
కట్టులోంచి నెత్తురు కారుతుంటే.

సరైన పేరే చెప్పాను.
ప్రేమో ఏమో నాకు తెలీదు.
ఆ పేర్లు మాత్రం నావి,
ఇంటింటికీ నడిచి తెచ్చుకున్నవి.

వచ్చేస్తుంటే చనిపోయినాయన తల్లి
నా కొంగ చెయ్యి పట్టుకుని అడిగింది:
"అమ్మాయ్, ఎప్పుడూ వస్తావు, నీ పేరేమిటి?"

లుద్విన అన్నాను.
ఆవిడకి వినబడలేదు.
మళ్ళీ అన్నాను,
గుమ్మంలో ఉన్న తమ్ముడు
తల తిప్పి చూసేంత గట్టిగా.