ఒక దెబ్బ తక్కువ

తిప్పక్క ఇంటి ముందర కత చెప్పల్ల.
పదకొండో దినం దాటినాక ఊరోళ్లు పిలిచిరి:
వెయ్యినూటపదార్లు, రెండు శేర్ల కొర్రలు, ఒక కోక.
సచ్చిపోయినోడు ఎర్రిస్వామి,
ఇరవై ఆరేండ్లు, మిలిట్రీ.
మంచు కొండ విరిగి మీద పడిందంట.

మా జంబులక్క దగ్గర అన్ని యుద్ధాలూ ఉండాయి.
గుర్రం ఎక్కే పాట, కత్తి నూరే పాట,
తల తెగినా మొండెం మూడడుగులు నడిచే పాట.
పేరు మార్చి ఊరు మార్చి
ఏ వీరునికైనా తొడిగేది.
ఊరి బయట వీరగల్లు మీద బొమ్మ కూడా అంతే కదా,
ఎత్తిన కత్తి, పైన సూర్యుడూ చంద్రుడూ,
కింద పేరు అరిగిపోయి
ఎవరైనా దిగొచ్చు ఆ రాతిలోకి.

కానీ మంచు?
ఈ పిల్లోన్ని నరికినోడు లేడు,
పొడిచినోడు లేడు.
"మంచు ఎట్లుంటాదే?" అని నన్నడిగింది.
టీవీలో చూసింది చెప్తి,
తెల్లగుంటాదక్కా అని.
"జొన్నపిండీ తెల్లగుంటాది"
విసుక్కొని అటు తిరిగి పండుకుంది.

పొద్దున్నే రాయదుర్గం బస్సెక్కినాము.
ఐసు ఫ్యాక్టరీలో ఊక కింద దిమ్మెలు.
కూలోళ్లు నవ్వుతాండారు.
తంబూర చంకన పెట్టుకొని ముసల్ది
దిమ్మె మీద అరచెయ్యి ఆనించి
కండ్లు మూసుకొని నిలబడింది.
నా చెయ్యి కూడా లాగి పెట్టింది,
గుమ్మెట కొట్టే చెయ్యి.
"తియ్యద్దు."
మొదట కాల్చింది. ఆమీట కుట్టింది.
ఆమీట నా వేళ్లు యాడికో పోయినాయి,
చూస్తే ఉండాయి, తడిమితే లేవు.
"ఊఁ" అనింది జంబులక్క
చరణం దొరికినట్ల.

తిరిగొస్తాంటే కిటికీలో హగరి.
ఆషాఢం గాలికి
ఇసుక దిబ్బ రాత్రికి రాత్రి జరిగి
ఎవరిదో సేను మింగింది,
బావి గిలక ఒకటే పైకి కనపడతాంది.
ఆమె ఆ గిలకనే తిరిగి తిరిగి చూసుకుంటా వచ్చింది
బొమ్మనహాళు దాకా.

సాయంత్రం తిప్పక్క పక్కన కూర్చొని అడిగింది:
"ఎంతమందిని పడగొట్టినాడని పెట్టల్లమ్మా,
నూరా? ఇన్నూరా?"
తిప్పక్క విత్తనం కాయలు వలుస్తాంది, తల ఎత్తలే.
"ఎవర్నీ పెట్టొద్దు.
కోడిని కోస్తాంటే ఇల్లు విడిచి పోయేటోడు వాడు.
నిద్రలో పండ్లు నూరుతాడు, అది పెట్టు.
పోయినసారి వచ్చినప్పుడు
మోటరు స్టార్టరు బాగుచేసి పోయినాడు, అది పెట్టు.
ఆపొద్దు ఫోన్లో
'ఈడ సప్పుడే ఉండదుమ్మా' అనినాడు.
అది..."
మళ్లా కాయలు వలుచుకుంటా ఉండిపోయింది.
పుచ్చుది కూడా మంచిదాంట్లో ఏసింది ఒకటి.

రాత్రి పొట్టు మంట వేసి గుమ్మెట కాంచినా.
తోలు బిగిసి కంగుమనల్ల.
పిల్లోళ్లు ముందర, ఆడోళ్లు అరుగుల మీద,
పాత మిలిట్రీ ఓబుళరెడ్డి కుర్చీ ఏసుకొని
మీసం సవరించుకుంటా, గుర్రం కోసం.
గుర్రం రాలేదు.
కత్తి రాలేదు.
స్టార్టరు వచ్చింది, పండ్లు నూరే సప్పుడొచ్చింది,
జనం నవ్విరి, తిప్పక్క కూడా.
హగరి ఇసుక తెల్లబడి, సల్లబడి,
గాలి లేకుండానే పైకి లేచింది పాటలో.
గిలక కూడా మునిగింది.
అక్కడ,
ఐదో దెబ్బ పడాల్సిన తావున,
నా చెయ్యి గాల్లో నిలబడిపోయింది.
ముందుగా అనుకొని నిలిపింది కాదు.
ఫ్యాక్టరీలో పోయిన వేళ్లు
మళ్లా పోయినాయి.

ఎంతసేపు? గుటక మింగేంత.
ఎవరిదో బిడ్డ దగ్గింది.
యాడో సేన్లో మోటరు ఆడతాంది,
వాడు బాగుచేసిందేనేమో, నాకేం తెలుసు.
ఆమీట కొట్టినా.

ఇప్పుడు ఏ ఊర్లో ఏ కత చెప్పినా,
గుర్రాల కతలో కూడా, ఆ తావు వస్తే
ఒక దెబ్బ తక్కువ పడతాది.
కొత్తగా వంత నేర్చుకుంటాండే మా సుంకులి
"తప్పు కొడతాండావు సిన్నమ్మా" అంటాది.
జంబులక్క ఏమీ అనదు.
తంబూర తీగ బిగిస్తాది, బాగానే ఉన్నదాన్ని.