పదకొండు ఇరవై బండి

న్యూ హేవెన్‌లో ఆ డిసెంబరు
ఎనిమిదిన్నరకి లేచిన తెర
పదకొండుంబావుకి గానీ దిగేది కాదు.
ఊళ్ళో చివరి రైలు పదకొండు ఇరవైకి.
రెండో అంకం సగంలోనే కుర్చీలు కిర్రుమనేవి,
కోట్లు తడుముకునే చేతుల చప్పుడు
మా గోతిలోకి మట్టిలా రాలేది.

గోతి అంటే వేదిక ముందరి పల్లం,
వాద్యాల వాళ్ళం కూచునే చోటు.
నాది వయోలా. కూరలో ఉప్పు లాంటిది,
లేని రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు.
రాత్రంతా వయొలిన్ల వెనక తాళం మోయడమే పని.
ఆ ఒక్క పాటలో మాత్రం, చివర,
ఆ అమ్మాయి నోరు మూశాక
నాకు నాలుగంటే నాలుగు ఆవర్తాలు,
ఒంటరిగా.

పాటలో ఏముందంటే:
బట్టలు కుట్టే పిల్ల, మునిగిపోయిన పడవవాడి కోటు
ఆరేయబోతూ ఒక గుండీ చూస్తుంది.
మిగతావన్నీ తను కుట్టినవే.
ఆ ఒక్కటీ ఎర్రదారంతో, ఇంకెవరి చేతో.
అంతే.
ఏడవాలో తిట్టాలో తెలియక పాడుతుంది.

మాటలు నాకు రావు.
పాటలు మా తలల మీదుగా ఎగిరి
ఆఖరి వరస టిక్కెట్ల వాళ్ళకి చేరతాయి.
మా మీద రాలేవి పౌడరూ, తుంపరా, మడమల మోతా.

హోటల్లో రాత్రి రెండింటికి
దర్శకుడు హాలొరన్ పెన్సిల్ చెక్కుకుంటూ
ఆరు నిమిషాలు కావాలన్నాడట.
నవ్వుల పాటలు రెండూ నవ్విస్తున్నాయి.
నావికుల నాట్యానికి పన్నెండు జతల బట్టలు కుట్టించారు.
గుండీ పాటకి ఒక పిల్ల, ఒక కుర్చీ.
ఖర్చు లేనిదానికే కత్తెర సులువు.
రాసిన వీట్‌లీ ఏమీ అనలేదట,
ఇంకో గుడ్డు తెప్పించుకుని తిన్నాడట.

పొద్దున్నే నకళ్ళ పింటో వచ్చి
నలభై ఒకటి నుంచి నలభై ఆరు దాకా పేజీలు కలిపి
తెల్లదారంతో కుట్టేశాడు.
న్యూయార్కులో మొదటి రాత్రి
ఆ చోట నా వేలికి మందంగా ఒక పేజీ తగిలింది.
పైన కోరా ట్రెమెయిన్ కోటు చేతిలోకి తీసుకుని
గుండెల నిండా ఊపిరి పీల్చి
"వాన తగ్గింది, పద" అంది.
అంత ఊపిరి మూడు మాటలకి ఎక్కువే.

పత్రికలు ఏదో లోటని రాయలేదు.
విననిదాన్ని ఎవరు వెతుకుతారు?
ముప్పై ఏడు రాత్రులాడి మూతపడింది నాటకం.
ఆ పాట ఉంటే బతికేదా?
లేదు. నిజం చెప్పాలంటే లేదు.

చాలా ఏళ్ళకి హార్ట్‌ఫర్డ్‌లో మందుల షాపు వరసలో
కోరా నా ముందే నిలబడి ఉంది.
ఎర్రదారం గుర్తుందా అన్నాను.
"బూటు కరిచేది," అంది, "ఎడమది."
కాసేపాగి, "దాని వరస ఎలా ఉండేది?" అంది.
వెనక ఎవరో దగ్గారు.
నేను పాడలేదు.

పిల్లలకి వయోలా నేర్పి బతికాను.
మొదటి రోజు అందరికీ ఆ నాలుగు ఆవర్తాలే.
"ఏ పుస్తకంలోది?" అని బియాత్రిజ్ ఒక్కతే అడిగింది.
చెయ్యి వదులవడానికి అన్నాను.
ఇప్పుడు తను పోర్టోలో పాఠాలు చెబుతోంది.
మొన్న ఉత్తరంలో ఆ ముక్క రాసి పంపింది,
తన పిల్లలకీ అదే మొదటి పాఠమట.
మూడో ఆవర్తంలో ఒక స్వరం మారింది.
తప్పని రాయబోయి పెన్సిల్ తీశాను.
ముందు వాయించి చూద్దామనిపించింది.

పై వాటా వాళ్ళు నేలని తన్నారు.
పదకొండు దాటింది మరి.
ఇంకోసారి వాయించాను.