తోకకు రంగు

సిరోంచలో కరెంటు ఉన్నంతసేపే గణితం.
ముప్పై ఆరేళ్ళ ప్రాణహిత మట్టాలు
ఆఫీసు పాత కంప్యూటర్లో పోస్తే
ఒక గుట్ట లేచింది,
కుడివైపు సన్నగా జారే తోకతో.

నూటికి ఐదు మిగిలేచోట గీత గీసి
ఆవలంతా నీలం నింపమన్నాను.
చివరి చుక్కను నేలకు దించడం మరిచాను.
రంగు గట్టు తెంచుకుని
గుట్ట మీదికే అడ్డంగా పారింది.
మొదట ఒక సున్నా, చివర ఒక సున్నా,
రెండు మేకులు కొడితేగాని నిలవలేదు.

స్కేలు చదివే జాడి బానయ్య
బీడీ చెవిలో దోపుకుని వంగి చూశాడు.
"గిదేం రంగు సారూ?
వరద గిట్లుంటదా?"

నీలం తీసి ఇటుకపొడి రంగు పెట్టాను.
ఊఁ, అన్నాడు.

"గీ తోక ఏడిదాంక పోతది?"
ఎక్కడా ఆగదు, నేలనూ తాకదు,
తెరే అయిపోతుంది, అన్నాను.

ఆయన వేలు తెర అంచు దాటి
బల్ల దాటి
పక్కనున్న ఇనుప బీరువా మీద ఆగింది.
"స్కేలు పాతకముందు
మా ఇల్లు మునిగింది గీడ."

అప్పుడే కరెంటు పోయింది.
చీకట్లో
ఆ వేలు తీశాడో లేదో
నాకు తెలియలేదు.