పందొమ్మిదో గీత

ఎచ్చెర్ల క్యాంపస్ నుంచి లింకొచ్చింది.
ఆన్‌లైన్ చదువుకి మీరెంత సిద్ధమని
ఆన్‌లైన్లోనే అడిగారు.
ఇరవై రెండు ప్రశ్నలు,
ఒక్కోదాని కింద ఐదేసి సున్నాలు.
ఒకటంటే అస్సలు కాదు, ఐదంటే పూర్తిగా.

మా క్లాసు నలభై ఏడుగురం.
పొద్దుగూకేసరికి ఇరవై తొమ్మిది మంది నొక్కేశారు,
అన్నీ నాలుగులూ ఐదులే.
మేడం గ్రూపులో పువ్వు పెట్టింది,
మన పిల్లలు సిద్ధం అని కింద రాసింది.
మిగతా పద్దెనిమిది మంది సంగతి
ఢిల్లేశ్వరీ, నువ్వు చూడమ్మా అంది.
క్లాస్ లీడర్ని కదా.

రూళ్ల నోట్‌బుక్ ఒకటి స్కూటీ డిక్కీలో వేసుకుని
మొదట పొందూరు వెళ్లాను.

హేమసుందరి గుమ్మంలో కూర్చుని
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది.
ఫోను ఉంది, మగ్గం కర్రకి తాడుతో వేలాడుతోంది,
అందులో సారు నోరు తెరిచి ఆగిపోయి ఉన్నారు.
"పోగు తెగితే ఎక్కడ తెగిందో ఏలికి తెలుస్తాదే,
ముడేసుకుంటాను.
సారు మాట తెగిపోతే
ఏ కొస అట్టుకోమంటావు?"
రెండు వేశాను.
ఒకటి చెయ్యి అంది.

కళింగపట్నంలో లోకనాథం ఒడ్డునే దొరికాడు.
ఫోను దొరకలేదు. అది వాళ్ల నాన్నది,
తెల్లారగట్ట మూడింటికి పడవెక్కుద్ది.
"పదింటి క్లాసుకి నానిక్కడ, అదక్కడ" అని
నీళ్ల వేపు చూపించాడు.
ఒకనాడు వల లాగుతూ లాగుతూ
వాళ్ల నాన్నే క్లాసులోకి నొక్కీశాడట.
హాజరు పడిపోయింది.
సాయంత్రం చేపలు దించి అడిగాడట,
"ద్రవ్యోల్బణమంటే అన్నింటి రేట్లూ పెరగడవంటన్నాడు మీ సారు.
మరి మన వంజరం రేటుకి ఆ మాట సెప్పలేదేట్రా ఎవులూ?"
ఇది ఏ ప్రశ్న కింద రాయాలో తెలీక
మార్జిన్లో రాశాను.

పలాస దూరం, ఫోన్ చేశాను.
దమయంతి కాదు, చెల్లెలు ఎత్తింది.
అక్క జీడిపిక్కల పనిలోకి పోతంది,
పిక్క చమురుకి వేళ్లు బొబ్బలెక్కి
వేలిముద్ర పెడితే ఫోను తెరుచుకోడం లేదంట.
దాని ఫోనుకే అది ఎవరో తెలీడం లేదక్కా, అంది ఆ పిల్ల.

సీతంపేట కొండ మీదకి స్కూటీ ఎక్కదు.
బిడ్డిక సుగుణ రాత్రి ఎనిమిదింటికి తనే చేసింది,
అనాసతోట దాటి రాతి మీద నిలబడి,
ముక్కలు ముక్కలుగా.
పద్నాలుగో ప్రశ్న చదివాను:
నేను చదువుకునే చోట అంతరాయాలు తక్కువ.
"ఏనుగులు అంతరాయమేనా?" అంది.
నేను నవ్వాను. తను నవ్వలేదు.
"నాలుగు దిగాయి. నిన్నటి క్లాసు, మొన్నటి క్లాసు..."
తర్వాత గాలి.
తర్వాత అదీ లేదు.
అంకె బదులు చిన్న గీత గీసి వదిలేశాను.

నాలుగు రోజులకి పద్దెనిమిదీ అయ్యాయి.
మా డాబా మీద, పక్కింటి వైఫై కింద,
అంకెలు కూడుకుంటూ
పదిహేడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను.
అర్థం కానప్పుడు అడగడానికి వెనకాడను.
దీనికి నేను ఐదు నొక్కాను.
అన్నింటికీ ఐదే నొక్కాను, రెండు నిమిషాల్లో,
అమ్మ పప్పు రుబ్బమని కేకేస్తుంటే.

ఎచ్చెర్లలో మాది మూడో బెంచీ.
నాకర్థం కానప్పుడు నా మొహం చూసి
హేమసుందరే లేచి అడిగేది,
"సార్, మల్లొకపాలి" అని.
క్లాసంతా నవ్వేది, సారు మళ్లీ చెప్పేవారు,
నేను తలొంచుకుని రాసుకునేదాన్ని.
ఇప్పుడు సిగ్నలు నాకుంది.
నాలుగు నెలల్లో ఒక్కసారీ మ్యూట్ తియ్యలేదు.

నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసి మేడంకి పంపాను.
ఫోటోలు వద్దమ్మా, లింకులోనే నింపించు అంది.
సరే, ముందు నా ఐదుల్ని దిద్దుకుందామని లింకు తెరిచాను.
మీ స్పందన ఇదివరకే నమోదైంది అంది అది.

పద్దెనిమిది పేర్ల కింద
పందొమ్మిదో గీత ఖాళీగా ఉంది.
నా పేరు రాశాను.
అంకె ఇంకా వెయ్యలేదు.